మామ ఇంట్లో సముద్రపు నీళ్లు

మొన్న ఒంగోలు వెళ్లినప్పుడు సుగుణత్తను చూద్దామని ఆమె కొడుకు కిరణ్ ఇంటికి పోయాను. సుగుణత్త మా అమ్మ తమ్ముడు రామచంద్ర మామ భార్య. మామ పోయినప్పటి నుంచి ఆమె కొడుకు దగ్గరే ఉంటోంది. హాల్లోకి అడుగుపెట్టగానే గోడ పొడవునా ఒక గాజు తొట్టి కనిపించింది. లోపల నీలం వెలుతురు, సముద్రపు నీళ్లు, రాళ్లు, రాళ్ల సందుల్లోంచి వచ్చిపోయే చేపలు. కిరణ్ ఉత్సాహంగా చేపల పేర్లు చెబుతున్నాడు. నేను మాత్రం ఒక మూల రాతి నీడలో అతుక్కుని ఉన్న బంతిపువ్వు రంగు ముద్దను చూస్తూ ఉండిపోయాను. అతను గమనించి, "అది స్పాంజి వదినా. బొమ్మ కాదు, ప్రాణమున్నదే" అన్నాడు. నాకు తెలుసు అన్నాను. అనేశాక, ఇంతకీ నాకు తెలిసింది ఏమిటా అని ఆలోచిస్తే ఏమీ తోచలేదు.

కిరణ్ ఆ తొట్టిని ఎట్లా చూసుకుంటాడో చెప్పాడు. ఉప్పు ప్యాకెట్లలో వస్తుంది, ఫిల్టరు నీళ్లలో కలుపుకోవడమే. నీళ్లు వేడెక్కకుండా ఒక మిషను, నీళ్లు కదులుతూ ఉండడానికి రెండు పంపులు, కరెంటు పోతే బ్యాటరీ. ఏదైనా తేడా వస్తే ఫోన్‌కు మెసేజి వస్తుందట. స్పాంజిని మాత్రం నీళ్లలోంచి ఒక్క క్షణం కూడా పైకి తీయకూడదు, దాని రంధ్రాల్లో గాలి ఇరుక్కుంటే అక్కడక్కడే కుళ్లిపోతుంది అన్నాడు. ఈ మాట నేను అతను పుట్టకముందే విన్నాను. అతని నాన్న నోటి నుంచి, మార్కాపురంలో, సముద్రం ముఖం చూడని మా ఊరి మనుషుల మధ్యా.

మా ఊరు పెద్దారవీడు పక్కన, నల్లమల కొండలు దగ్గరగా కనిపించే చోట. నాయనకు గొర్రెల మంద ఉండేది. పదో తరగతి అయ్యాక నన్ను ఇంటరుకు మార్కాపురంలో మామ ఇంట్లో పెట్టారు. ఆ ఇంట్లో మామ, సుగుణత్త, అమ్మను కన్న మా అవ్వ. మామ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. మా వాళ్లలో ఉద్యోగం చేసిన మొదటి మనిషి. పలకలు కోసే షెడ్లు ఆ వీధికి దగ్గరలోనే ఉండేవి కాబట్టి ఎప్పుడు చూసినా గడపమీద సన్నటి బూడిదరంగు దుమ్ము. అవ్వ పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ పేరుకునేది. ఇంట్లోకి రాగానే తడిసిన పలక వాసన, అవ్వ నమిలే ఆకువక్క వాసన, గాబులో నిలవ ఉన్న నీళ్ల వాసన కలిసి ఒక్కటిగా తగిలేవి. అందరికన్నా ముందు లేచేది అవ్వే. లేచి ముందు బిందెలు చూసుకునేది. మా బోరు నీళ్లు ఉప్పు. స్నానానికి, బట్టలకు తప్ప పనికిరావు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు. తాగే నీళ్లు ఊరి బయట బావి నుంచి తేవాలి, లేదంటే ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకోవాలి. అందుకని ఆ ఇంట్లో మంచినీళ్ల బిందె మీద ఎప్పుడూ మూత ఉండేది, ఆ మూత మీద అవ్వ కన్ను ఉండేది.

అట్లాంటి ఇంట్లోకి మామ సముద్రపు నీళ్లు తెచ్చాడు. సుగుణత్తది ఒంగోలుకు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఆమె తమ్ముడు శ్రీను అక్కడ రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. ఒకసారి వలలో రాయితో పాటు వచ్చిన ఇట్లాంటి బంతిపువ్వు రంగు స్పాంజిని అతను హేచరీ తొట్టిలో వేసి ఉంచితే, మామ చూసి మనసు పారేసుకున్నాడు. కాలేజీ ల్యాబులో స్పాంజి అంటే సీసాలో మందు నీళ్లలో తెల్లగా నానిపోయిన ముక్క. పిల్లలకు అది చూపించి ఇది జంతువు అని చెబుతుంటే తనకే నమ్మకం కలగడం లేదని, ఒక్కసారైనా బతికున్నదాన్ని చూపించాలని అనేవాడు. గాజు తొట్టి ఒంగోలులో చేయించాడు. సముద్రపు నీళ్లు క్యాన్లలో బస్సు మీద వచ్చాయి. స్పాంజిని శ్రీను నీళ్లలోనే సంచీలోకి ఎక్కించి, నీళ్లలోనే మూతి కట్టి, ఆ సంచీని ఒడిలో పెట్టుకుని మార్కాపురం దాకా కూర్చున్నాడు. బస్సులో కండక్టరు అదేమిటని అడిగితే జంతువు అని చెప్పాడట. ఏం జంతువు, కదలడం లేదే అన్నాడట కండక్టరు. కదలదు అన్నాడట శ్రీను. ఆ తర్వాత దారి పొడవునా కండక్టరు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడని మామ ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాడు.

తొట్టిని ఎండ పడని నడిమి గదిలో పెట్టారు. ఎండ పడితే పాచి పెరిగి స్పాంజిని కప్పేస్తుంది. నాలుగు పలక ముక్కలు చాలా రోజులు నీళ్లలో నానబెట్టి, లోపల ఒకదానిమీద ఒకటి పేర్చి గూడులా చేశాడు మామ. ఆ గూటి నీడలో స్పాంజి ఉన్న రాయిని పెట్టాడు, చేతులు నీళ్లలో ముంచి, సంచీని నీళ్లలోనే విప్పి. ఒక చిన్న పంపు నీళ్లను మెల్లగా కదిలిస్తూ గుర్రుమంటూ ఉండేది. తిండికి శ్రీను హేచరీ నుంచి పచ్చటి నీళ్లు సీసాల్లో పంపేవాడు. ఆ పచ్చదనమంతా కంటికి కనిపించని నాచు. సాయంత్రం కొన్ని చెంచాలు పోయాలి. ఎక్కువైతే నీళ్లు కంపు కొడతాయి, తక్కువైతే అది చిక్కిపోతుంది. ఎంత పోస్తే చాలో మాలో ఎవరికీ గట్టిగా తెలియదు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, తొట్టిలో నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు ఉప్పు నీళ్లు పోయకూడదు. ఉప్పు లోపలే మిగిలి ఉంటుంది, తగ్గింది నీళ్లే, కాబట్టి మంచినీళ్లు పోయాలి. మా బోరు నీళ్లు పనికిరావు. అంటే అవ్వ మూతపెట్టి కాపాడిన బిందెలోవి.

అవ్వకు ఇది ఎంత చెప్పినా అర్థం కాలేదు. సముద్రానికి దప్పికేంది అని అడిగేది. మామ ఆవిరి సంగతి వివరించేవాడు. ఆమె అంతా విని, మళ్లీ అదే అడిగేది. అత్తకు వివరించాల్సిన పనిలేదు. నీళ్లు పోయడానికి ముందు చిటికెన వేలు తొట్టిలో ముంచి నాలుకకు రాసుకుని, ఎక్కువైందనో సరిపోయిందనో చెప్పేది. మామ దగ్గర ఉప్పు కొలిచే గాజు గొట్టం ఉండేది. కొన్నిసార్లు గొట్టం, అత్త నాలుక ఒకే మాట చెప్పేవి. కొన్నిసార్లు రెండూ రెండు మాటలు చెప్పేవి. అప్పుడు ఏది నమ్మాలో తెలియక మామ నా వైపు చూసేవాడు. నేను పుస్తకం వైపు చూసేదాన్ని.

పుస్తకంలో స్పాంజికి నోరు లేదు, పొట్ట లేదు, నరాలు లేవు, గుండె లేదు అని ఉంటుంది. లేనివన్నీ బట్టీ పట్టాను. ఉన్నదేమిటో పట్టుబడలేదు. అది బతికుందని ఎట్లా తెలుస్తుంది మామా అని అడిగితే ఒక ఆదివారం అందరినీ తొట్టి ముందు కూర్చోబెట్టాడు. పంపు ఆపాడు. నీళ్లు నిలకడ అయ్యేదాకా ఆగి, నీళ్లు కలిపిన పాలు సన్నటి గొట్టంతో స్పాంజి పక్కన ఒక్క చుక్క వదిలాడు. పాలు చిన్న మబ్బులా విడిపోయి, స్పాంజి ఒంటిలోకి ఇంకిపోయినట్టు మాయమయ్యాయి. కాసేపటికి దాని నెత్తిమీది పెద్ద రంధ్రంలోంచి తెల్లటి దారం ఒకటి నిట్టనిలువుగా పైకి లేచింది. ఆ నిలకడ నీళ్లలో దాన్ని పైకి తోసింది స్పాంజి తప్ప ఇంకేదీ లేదు. అవ్వ చాలాసేపు చూసి, "ఊపిరి పీలుస్తాంది" అంది మెల్లగా. ఆ రోజు నుంచి మంచినీళ్ల గురించి ఆమె మాట్లాడలేదు.

మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యేనాటికి వానలు లేక ఊళ్లలో మేత లేదు. అత్త కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆ కడుపులో బిడ్డే ఈ కిరణ్. మామ పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్లాడు. నేను, అవ్వ, ఆ తొట్టి మిగిలాం. పొద్దున నుంచి సాయంత్రం దాకా కరెంటు వచ్చేది పోయేది. పంపు ఆగినప్పుడల్లా నేను చెక్క గరిటెతో నీళ్లు మెల్లగా కదిలించేదాన్ని. తొట్టి చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను. సోడా దుకాణం నుంచి ఐసుముక్క తెచ్చి సంచీలో కట్టి, నీళ్లు ఒక్కసారిగా చల్లబడకుండా కాసేపు ముంచి కాసేపు తీసేదాన్ని. ఇంత చేసినా స్పాంజి రంగు దిగిపోతూ వచ్చింది. ఒక పక్క బూడిదరంగు మచ్చ కనిపించింది. అది నీడేమోనని ఒక పూట, పాచేమోనని ఒక పూట అనుకున్నాను.

అట్లాంటి మధ్యాహ్నం నాయన వచ్చాడు. గడపలో చెప్పులు విడిచి, భుజమ్మీది కంబళి దించి, నేను గోనెపట్టా మీద నీళ్లు చల్లుతుంటే చూశాడు. అన్నం తిన్నాక సంగతి చెప్పాడు. మందను కంభం చెరువు కిందికి తోలుకుపోతున్నాడు. వానలు పడేదాకా రాడు. ఈనిన గొర్రెలు, పిల్లలు ఇంటి దగ్గరే ఉంటాయి. అమ్మ ఒక్కతే చూసుకోలేదు. నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. రెండో సంవత్సరం మాట అడిగితే, ఇక చాల్లేమ్మా, పది దాటినావు గదా అన్నాడు. కోపంగా కాదు. అలసటగా అన్నాడు. అవ్వ కల్పించుకుని, మా అబ్బయ్య వచ్చిందాకా ఆగు అల్లుడా అంది. నేను ఏడవలేదు. తొట్టి వదిలి రాలేను, మామ వచ్చి చూసుకునేదాకా ఆగు నాయనా అన్నాను. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాను. నాకు అప్పుడు చదువు గురించి ఎక్కువ బాధగా ఉందో స్పాంజి గురించి ఎక్కువ బాధగా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

నాయన ఆగాడు. ఆగినవాడు ఊరికే కూర్చోలేడు. కరెంటు పోగానే గరిటె నా చేతిలోంచి తీసుకుని తనే తిప్పేవాడు. గొర్రె చెవులు వాలిన తీరు చూసి దానికి ఏ రోగమో చెప్పే మనిషి తొట్టి ముందు గొంతుకూర్చుని అటునుంచీ ఇటునుంచీ చూసేవాడు.

"నోరు యాడుంది దీనికి?" అన్నాడు.

నోరు లేదు, ఒంటినిండా రంధ్రాలే అని చెప్పాను. కళ్లు? లేవు. గుండెకాయ? లేదు. నెత్తురు? అదీ లేదు.

"నొప్పి తెలుస్తదా?"

"తెలీదంట నాయనా."

"అంట ఏంది? సదివినావు గదా. నీకు తెల్సింది ఏంది మల్ల?"

నేను తొట్టి వైపు తిరిగాను. పాలచుక్క సంగతి గుర్తొచ్చింది. మామ చేసినట్టే పాలు కలిపి స్పాంజి పక్కన వదిలాను. మబ్బు విడిపోయింది. అక్కడే తేలుతూ, కిందికి దిగి, రాళ్ల మధ్య కలిసిపోయింది. మళ్లీ వేశాను. దారం లేవలేదు. నాయన నా ముఖం చూశాడు. కాసేపటికి లేచి, మీ మామను రానీ, పడుకున్న గొర్రెనల్లా సచ్చిందని పారేస్తామా అన్నాడు. అయితే ఆ మాట నమ్మి అన్నాడో నన్ను ఓదార్చడానికి అన్నాడో తెలియలేదు.

మరుసటి రోజు మామ వచ్చాడు. సంచీ దించకుండానే తొట్టి దగ్గరికి పోయి వంగి వాసన చూశాడు. నాయన ఎందుకు వచ్చాడో అవ్వ వంటింట్లోకి పిలిచి చెప్పింది. మామ బయటికొచ్చి కొత్త బ్లేడు అడిగాడు. చేతులు కడుక్కుని, మోచేతుల దాకా నీళ్లలో ముంచి, బూడిదరంగు పక్కనంతా నీళ్లలోనే కోసేశాడు. కుళ్లిన గుడ్డు వాసన ఇల్లంతా నిండింది. కోసిన ముక్కను డబ్బాలో వేసి నాయనకు చూపించి, ఇది పోయింది బావా, ఆ మిగిలింది బతికే ఉంది అన్నాడు. నాయన నమ్మలేదు. సగానికి కోస్తే బతికేదేంది అన్నాడు. దీన్ని ముక్కలు చేస్తే ఏ ముక్కకు ఆ ముక్క బతుకుతుంది, సముద్రంలో అట్లే పెరుగుతాయి అని మామ చెప్పాడు. చెప్పి, పాలు తెమ్మన్నాడు. చుక్క వేశాడు. మేం ముగ్గురం వంగి చూశాం. తెల్లటి దారం సన్నగా, కొంచెం వంకరగా, పైకి లేచింది.

నాయన ఇంకా దగ్గరికి వంగి చూశాడు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నాకైతే తలాతోకా తెలీలా రామచంద్రా. ఒక ఏడు సదవనీ. ఈ పిల్లకన్నా తెలుస్తదేమో" అన్నాడు. సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. ఈనిన గొర్రెలను చూసుకోవడానికి మా పెద్దమ్మ కూతురు వచ్చిందని తర్వాత తెలిసింది. సెలవుల్లో కొన్నాళ్లు మామ నన్ను ఊర్లో వదిలాడు. తిరిగి వచ్చేసరికి తొట్టి ఖాళీగా, బోర్లించి ఉంది. శ్రీను వచ్చి దాన్ని తీసుకుపోయి సముద్రంలోనే వదిలాడు, ఈ ఎండలకు ఇక్కడ నిలవదు అన్నాడు మామ. అది న్యాయమే అనిపించింది. నేను చదువుకున్నాను. బీయెస్సీ, బీయెడ్, గిద్దలూరు దగ్గర బడిలో టీచరు ఉద్యోగం. స్పాంజి పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లలకు ఈ కథ చెప్పాను. సగం కోసినా బతికింది, నేను కళ్లారా చూశాను అని చెప్పాను.

కిరణ్‌కు కూడా ఆ రోజు సోఫాలో కూర్చుని ఇదంతా చెప్పాను. అతను శ్రద్ధగా విని, "అప్పుడు పంపు ఆపారా వదినా? పంపు తిరుగుతుంటే నీళ్ల కదలికకే పాలు పైకి లేస్తాయి. చచ్చినదాని పక్కన వేసినా లేస్తాయి" అన్నాడు. మామూలుగా అడిగాడు. నేను గుర్తుచేసుకోబోయాను. మామ ముఖం మీద చెమట గుర్తుంది, అంటే ఫ్యాను లేదు, కరెంటు లేదు. కానీ పంపు గుర్రుమనే చప్పుడు కూడా చెవిలో ఉంది. అది ఆ రోజుదా, వేరే రోజులదా? మామ స్విచ్చి దగ్గరికి పోయినట్టు ఒకసారి కనిపిస్తుంది, పోనట్టు ఒకసారి కనిపిస్తుంది. ఆ దారం వంకరగా ఉండడం మాత్రం స్పష్టంగా గుర్తుంది. అది ఎందుకు వంకరగా ఉందో అప్పుడు నేను ఆలోచించలేదు.

సుగుణత్త అప్పటిదాకా బత్తాయి వలుస్తూ వింటోంది. ఆమె తలెత్తకుండానే, "అది చచ్చిపోయింది కదే పద్మా. వీడు పుట్టినప్పుడు చూడ్డానికొచ్చి చెప్పాడు మీ మామ. స్పాంజి పోయింది గానీ పద్మ మనింట్లోనే ఆగింది అన్నాడు" అంది. ఎప్పుడు పోయిందన్నాడు అత్తా, కోసిన రోజా, ఆ తర్వాతా అని అడిగాను. ఆమె ఆలోచించింది. బాలింతతనంలో విన్న మాట, అంతకన్నా గుర్తులేదే అంది. శ్రీను తీసుకుపోయి సముద్రంలో వదిలాడు కదా అన్నాను. వాడు అక్కడి నుంచి ఖాళీ క్యాన్లే తెచ్చినట్టు గుర్తు అంది. అంతలోనే, ఏమో, వాడు అట్లాంటివి ఎన్ని తెచ్చేవాడో ఎన్ని వదిలేవాడో అంది. అడగడానికి శ్రీను లేడు. మామ లేడు. అవ్వ ఎప్పుడో పోయింది. నాయన పోయి కూడా చాలా కాలమైంది.

తిరుగు బస్సులో గిద్దలూరు దాకా అదే ఆలోచన. ఇప్పుడు ఏ తొట్టిలో ఏముందో ఫోనే చెబుతుంది. అప్పుడు ఒక ఇంట్లో ముగ్గురం ఒకే నీళ్లలోకి చూసి మూడు విధాలుగా అనుకుని ఉంటాం. మామ నా చదువు కోసం చచ్చినదాన్ని బతికుందని చెప్పాడా, లేక నిజంగానే బతికిందా? బతికి, ఆ తర్వాత పోయిందా? ఒక్కోసారి మామ మీద కోపం లాంటిది వస్తుంది, మరుక్షణం కృతజ్ఞత వస్తుంది. రెండూ నిలవవు. నేను ఇన్నేళ్లు పిల్లలకు చెప్పింది పాఠమో కాదో తెలియడం లేదు.

నాయనకు ఏమనిపించిందో నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు వెతుక్కుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం బస్టాండు దాకా నేనే తోడుపోయాను. నాయన కంబళి సర్దుకుంటూ ముందు నడిచాడు. బస్సు వచ్చాక, మెట్టు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఆ పాలు పైకి లేసింది నువ్వు సూసినావు గదా?"

"సూసినా నాయనా."

"అయితే నేనూ సూసినట్టే" అని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.